కోటేకల్ దాటాక ఆగిన కారు

ఎమ్మిగనూరు,
శనివారం మధ్యాహ్నం.

సౌభాగ్యవతి మహాదేవికి,

ఎమ్మిగనూరు నుంచి నీ సోమన్న రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరెవరని నువ్వు తప్పకుండా అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. నేను, మగ్గం, పెరట్లో నువ్వు నాటిన కరివేపాకు మొక్క. మొక్క నా మెడ దాకా వచ్చింది. హుబ్బళ్ళిలో నువ్వు, భవాని, అల్లుడు, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని పోస్టు తెచ్చే ఆయన నవ్వాడు. ఫోనులో మనం ఏం మాట్లాడుకుంటున్నాం చెప్పు. నువ్వు 'ఊ' అంటావు, నేను 'ఊ' అంటాను, వెనక పాప ఏడుస్తుంది, నువ్వు పెట్టేస్తావు. ముందుగా కాగితం తీసి రాసింది నువ్వే, మంచి పని చేశావు. చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

నువ్వు అడిగిన వాటికి జవాబులు. తిండికి లోటు లేదు. ఎదురింటి హులిగమ్మ వారానికి మూడు సార్లు జొన్నరొట్టెలు పంపుతోంది, మిగతా రోజులు నా వంట నేనే తిని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. మోకాలి నొప్పి తగ్గింది, అబద్ధం కాదు. మెరూన్ రంగు చీర ఇంకా మగ్గం మీదే ఉంది, నాలుగు మూరల నేత మిగిలింది. పాపకు పన్ను వచ్చిందని రాశావు. ఆ మాట ఎన్ని సార్లు చదివానో లెక్క లేదు. భవానికి మొదటి పన్ను వచ్చినప్పుడు నా వేలు కొరికి నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆ పూట నేత సాగలేదు.

ఇక కారు సంగతి. అమ్మేశావా అని మూడు ఉత్తరాల్లోనూ అడిగావు. అమ్మలేదు మహాదేవీ. సి.బెళగల్ నుంచి ఒకాయన వచ్చి చూసిపోయాడు కూడా. నేనే ఇంకా ఆగమన్నాను.

'ఆ బండి నా కంట పడకూడదు, సంవత్సరీకానికి రైల్లో నేరుగా ఆదోనికి పోయి ఆ దారినే తిరిగి వస్తా, ఎమ్మిగనూరుకు రాను' అని రాశావు. 'రేడియేటరు మూత తీసి ఊరికే చూసి మూసేశాను, ఒక్క చెంబు నీళ్లు పోసి ఉంటే కారు దారిలో ఆగేది కాదు, నాయన కడచూపు దక్కేది' అని కూడా రాశావు. పదకొండు నెలలుగా ఈ మాట అంటూనే ఉన్నావు. పాపను చూసుకోవాలని పోయిన దానివి ఇంటికి రాకపోవడానికి పాప కారణం కాదని నాకు తెలుసు. షెడ్డులో ఆ కారు ఉంది, అందుకే నువ్వు ఇంటికి రావడం లేదు.

అందుకే దాన్ని బాగు చేద్దామని పూనుకున్నాను. నవ్వకు. తోలడం రానివాడు కారు బాగు చేయడమేమిటని వీధంతా నవ్వింది, నీ వంతు కూడా వాళ్లే నవ్వేశారు.

రోజూ మధ్యాహ్నం నేత ఆపి షెడ్డులోకి పోతాను. రేకుల సందుల్లోంచి ఎండ గీతలుగా పడుతుంది. ఆ గీతల్లో నూలు దుమ్ము మెల్లగా తిరుగుతుంటుంది, కింద పడదు, పైకి పోదు. పక్కింటి మగ్గం చప్పుడు గోడలోంచి మెత్తగా వస్తుంది. పని మొదలుపెట్టే ముందు కాసేపు నా సీట్లో, ఎడమ పక్కన కూర్చుంటాను. కళ్లు మూసుకుంటే చాలు, కారు నడుస్తుంది. నువ్వు తోలుతుంటావు, వెనక చీరల మూట, ముందర ఆదోని కొండలు పొగమంచులోంచి ఒక్కొక్కటీ బయటికొస్తుంటాయి. పత్తి కాలంలో లారీల మీద నుంచి ఎగిరిన దూది రోడ్డుకు రెండు వైపులా ముళ్లకంపలకు పట్టుకుని ఉండేది కదా. పూలు పూశాయి చూడప్పా అనేదానివి ప్రతిసారీ.

మీ నాయన ఆదోని జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. సావుకారు కొత్త బండి కొని ఈ తెల్ల మారుతిని ఆయనకిస్తే, ఆయన తెచ్చి నీ చేతిలో పెట్టాడు. మన పేటలో కారు తోలిన ఆడమనిషివి నువ్వొక్కదానివే. నేర్చుకోమని నన్నూ అడిగావు. నాకు అక్కర్లేకపోయింది. పక్కన కూర్చుని నిన్ను చూడటమే నాకు ఇష్టం. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఈ మాట నీతో ఒక్కసారి కూడా అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

ఒకరోజు ఆ సీట్లోనే నిద్రపోయాను. కలలో రోడ్డంతా తెల్లగా దూది పరుచుకుని ఉంది. చక్రాల చప్పుడు లేదు. నువ్వు తోలుతున్నావు, మామ తిరుపాల్ వెనక సీట్లో కూర్చుని కిటికీ అద్దం దించుకుని గాలి పీలుస్తున్నాడు. కోపంగా లేడు, ఏమీ అడగడం లేదు. నేనే ఆయనతో ఏదో చెప్పాలని వెనక్కి తిరిగాను. నోరు తెరిచేసరికి మెలకువ వచ్చింది.

బానెట్టు ఎత్తిన మొదటి రోజు ఏం కనబడిందో తెలుసా? ఎలుక గూడు. మన మగ్గాల కింద రాలిన పోగులన్నీ మోసుకెళ్లి కట్టుకుంది. మెరూన్, ఆకుపచ్చ, నెమలి కంఠం రంగు, పోయినేడు నువ్వు కట్టిన దసరా చీర అంచు పోగులు కూడా ఉన్నాయి. తీసెయ్యడానికి మనసు రాలేదు. పిల్లలు లేవని చూసుకుని అట్లాగే ఎత్తి కరివేపాకు మొక్క కింద పెట్టాను. వైర్లు రెండు కొరికింది. అవి అతికించి, కొత్త బ్యాటరీ వేసి, తాళంచెవి తిప్పితే నాలుగోసారికి పలికింది. నేను గంతులేశాను. పావుగంటకు వేడి ముల్లు ఎర్రగీత దాటి బుసబుసా పొంగింది.

అప్పుడు మన ఆదెప్ప వచ్చాడు. ఆ రోజు కారును రోడ్డు మీద నుంచి ఇంటికి లాక్కొచ్చింది ఆయన ట్రాక్టరే కాబట్టి, దాని జబ్బులన్నీ తనకే తెలుసునని ఆయన నమ్మకం.

"అన్నా, ఇది థర్మోస్టాట్ పని. నీళ్లను ఆడ్నే ఆపుతాంది. దాన్ని పీకి పారెయ్, శని వదులుతాది" అన్నాడు.

పీకాను కానీ పారెయ్యలేదు. వేడినీళ్లలో వేస్తే తెరుచుకోవాలని ఫోనులో ఎవరో చూపించారు. నీ పాలగిన్నెలో నీళ్లు కాచి అందులో వేశాను. కోప్పడకు, తరువాత చింతపండు పెట్టి తోమాను. పొయ్యి ముందు గొంతుకూర్చుని చూస్తూ ఉంటే నీళ్లు మరిగే వేళకు అది మెల్లగా, చక్కగా తెరుచుకుంది. దానిలో లోపమేమీ లేదు.

"అట్లయితే ఫ్యాను" అన్నాడు ఆదెప్ప. ఫ్యాను వైర్లు విప్పి నేరుగా బ్యాటరీకి తగిలించాను. గిర్రున తిరిగి షెడ్డులో ఉన్న నూలు దుమ్మంతా నా నెత్తిన పోసింది. అదీ బాగుంది.

"వాటర్ పంపు, ఇంక మాట లేదు" అన్నాడు. పంపు విప్పుతుంటే ఒక బోల్టు తల తెగి లోపలే ఉండిపోయింది. దాన్ని తీయడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ కిరోసిన్ చుక్కలు వేసి, సుత్తితో చిన్నగా తట్టి, బతిమాలి, తిట్టి చివరికి బయటికి తీశాను. ఆదోని పోయి కొత్త పంపు తెచ్చి పాతదాని పక్కన పెట్టి చూస్తే పాతదే నున్నగా తిరుగుతోంది. పైపులన్నీ మార్చాను. మళ్లీ పొంగింది. ఆదెప్ప గడ్డం గోక్కుని, "అన్నా, ఇంక ఇంజన్ తల విప్పల్ల" అన్నాడు. ఆ మాట వినగానే ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపేశాను.

పోయిన ఆదివారం కరీం సాబ్‌ను పిలిపించాను. ఆదోని నుంచి బస్సులో వచ్చాడు. చూపు కొంచెం తగ్గింది, చేతులు మాత్రం మునుపటి లాగే ఉన్నాయి. మీ నాయన కారుకు మొదటి నుంచి ఆయనే కదా మెకానిక్. పనిముట్ల సంచి కింద పెట్టాడు, విప్పలేదు. ఇంజన్ ఆన్ చేయించి, వేడెక్కాక ఆపించి, రేడియేటరు మీద పైన ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"పైన కాలతాంది, కింద సల్లగుంది. నీళ్లు కిందికి దిగల్యా. గొట్టాలు మూసుకుపోయినాయి. సోమన్నా, ఏం పోసినారు దీంట్లో?"

"నాకేం తెలుసు సాబ్, నీళ్లూ అవీ అంతా మహాదేవే చూసుకుంటుంది" అన్నాను.

ఆయన నావైపు తిరిగి, "ఆ పిల్ల నీళ్లు తప్ప ఏం పోయదే" అన్నాడు.

రేడియేటరు విప్పి ఆదోనికి తీసుకుపోయాం. అక్కడ దాని అడుగు తొట్టి ఊడదీశారు. సన్నని గొట్టాల నిండా తెల్లగా, పెచ్చులు పెచ్చులుగా ఏదో పట్టుకుని ఉంది. కరీం సాబ్ ఒక పెచ్చు గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గంజి. నేతోళ్ల ఇండ్లలో పడుగుకు పట్టిస్తారే, అదే. పాపం, నాయనకు బాగలేదని తొందర్లో ఆ పిల్ల తప్పు బక్కెట్టులో చెంబు ముంచినట్టుంది" అన్నాడు.

నేను తల ఊపాను.

మహాదేవీ, ఇంతవరకు నవ్వుకుంటూ చదివి ఉంటావు. ఇక మీద నవ్వలేవు. పాప నిద్రపోతోందో లేదో చూసుకుని, ఒకచోట కూర్చుని చదువు.

ఆ గంజి పోసింది నేను.

మామ పోవడానికి రెండు రోజుల ముందు. రేడియేటరు కింద చుక్క చుక్కగా కారి షెడ్డు నేల తడుస్తోందని నువ్వు రెండు వారాలుగా చిరాకు పడుతున్నావు. ఆదోని పోయి అతికించుకు రావాలంటున్నావు, పండుగ చీరల పనితో తీరిక లేదు. ఆ పొద్దున వీధిలో పడుగు చాచి గంజి పట్టించి వచ్చాను. బక్కెట్టు అడుగున చిక్కటి గంజి, పైన తేట. బస్టాండు దగ్గర ఒక లారీ డ్రైవరు రేడియేటరులో పసుపు వేసి కారడం ఆపడం ఎప్పుడో చూశాను. పసుపే ఆపితే గంజి ఆపదా అనుకున్నాను. తెగబోయే పోగును నిలబెట్టేది గంజే. చిన్నప్పటి నుంచి దాన్ని నమ్ముకుని బతికినవాణ్ణి, దాని వల్ల చెడు జరుగుతుందని నాకెట్లా తోస్తుంది? నువ్వు బజారుకు పోయిన వేళ మూత తీసి ఆ తేట నిండేదాకా పోశాను. నీకు చెప్పకుండా నీకొక మేలు చేద్దామనుకున్నాను.

మరునాటికి నేల ఆరిపోయింది. నువ్వు వంగి చూసి, "అదే నిలిచిపాయ సూడప్పా, మా నాయన బండికి సిగ్గుంది" అని నవ్వావు. నేను చెప్పలేదు. నిన్ను అట్లా చూస్తూ లోలోపల మురిసిపోయాను.

ఆ సాయంత్రమే మామకు బాగలేదని ఆదోని నుంచి ఫోను వచ్చింది. తెల్లవారగానే బయలుదేరాలని నువ్వు పొద్దు మునిగే వేళ మూత తీసి చూశావు. నిండుగా ఉంది. మూసేశావు. ఎవరైనా అంతే చేస్తారు.

కోటేకల్ దాటాక పొంగింది. నువ్వు కొంగు చేతికి చుట్టుకుని మూత తిప్పావు. ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో అన్నం వాసన వచ్చింది మహాదేవీ. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం వాసన. నువ్వు ఏడుస్తూ ఫోనులో మీ అన్నతో మాట్లాడుతున్నావు, నీ ముక్కుకు తెలియలేదు. నాకు తెలిసింది. రోడ్డు మీద నిలబడి ఆ క్షణానే నాకు అంతా అర్థమైపోయింది.

పత్తి లారీ ఎక్కి పోయేసరికి మామ పోయి అరగంట అయింది. ఆయన కాళ్ల దగ్గర పడి నువ్వు, "నీళ్లు పోయల్యా నాయనా, ఊరికే సూసి మూసినా, నా సేతులారా సేసుకున్యా" అని తల కొట్టుకుంటుంటే నేను గడప పక్కన నిలబడి విన్నాను. ఒక్కమాట చాలు. ఇప్పుడు కాదు, ఇంతమందిలో కాదు అనుకున్నాను. పదకొండో రోజు కర్మ అయిపోనీ అనుకున్నాను. తరువాత నువ్వు హుబ్బళ్ళికి పోయావు. ఎన్ని రోజులు గడిస్తే చెప్పడం అంత కష్టమైంది. నువ్వు దూరంగా ఉండటం నాకు ఎంత బాధో, ఒక మూల అంత సుఖంగా కూడా ఉండేది. నీ ముఖం చూడక్కర్లేదు కదా. ఈ మాట రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నేను ఇన్నాళ్లూ కారు ఎందుకు విప్పానో ఇప్పుడు తెలిసిందా? నీ కోసమని పైన రాశాను. అది సగమే నిజం. గంజి వల్ల కాదు, ఇంకేదో చెడిపోయి ఆగిందని తేలితే బాగుండునని విప్పాను. నీ పాలగిన్నె ముందు గొంతుకూర్చుని, తెరుచుకోవద్దు, తెరుచుకోవద్దు అని ఆ ఇనప ముక్కకు మొక్కాను. అది తెరుచుకుంది. ఫ్యాను తిరగకూడదని కోరుకున్నాను, తిరిగింది. పంపు పాడై ఉండాలని నాలుగు రోజులు ఆ బోల్టుతో కుస్తీ పట్టాను. ఒక్కొక్క సామాను బాగుందని తేలుతుంటే ఆదెప్ప విసుక్కున్నాడు, నేను విప్పడానికి ఇంకో సామాను వెతుక్కున్నాను. రేడియేటరు నుంచి మొదట దించిన నీళ్లు తెల్లగా ఉంటే తుప్పు అనుకున్నాను. తుప్పు ఎర్రగా ఉంటుందని నాకు తెలియదా?

చివరికి కరీం సాబ్ ముందు నీ మీదకే తోసేశాను. ఆ రాత్రంతా నా తల ఊపు నాకే కనబడింది. తెల్లారి మొదటి బస్సుకు ఆదోని పోయి, ఆయన షెడ్డు తలుపు తీస్తుండగానే చెప్పేశాను.

"సాబ్, పోసింది నేను. ఆమెకు తెలీదు. ఇప్పటికీ తెలీదు."

ఆయన తిట్టలేదు. తాళం పక్కన పెట్టి గడప మీద కూర్చున్నాడు. తరువాత, "తిరుపాల్ ఆ పొద్దు రెండు తూర్లు అడిగినాడు పిల్ల యాడుందని. దారిలో ఉంది, వస్తాండాది అని నేనే సెప్పినా" అన్నాడు. "నాకు సెప్తే ఏమొస్తాది సోమన్నా. సెప్పాల్సినోళ్లకు సెప్పు. సంవత్సరీకం రాకముందే సెప్పు."

గురువారం రేడియేటరు శుభ్రం చేసి తెచ్చి బిగించాడు. ఆయన తోలుతుంటే కోటేకల్ దాకా పోయి వచ్చాం. ముల్లు సగం దగ్గర నిలబడి ఒక్క గీత కూడా కదల్లేదు. బండి బాగైందని ఆయన నా భుజం తట్టాడు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. గంజి తప్ప దానిలో ఇంకే తప్పూ లేదని తేలిపోయింది కదా.

వచ్చే శుక్రవారం బళ్లారి మీదుగా బస్సులో హుబ్బళ్ళికి వస్తున్నాను. ఉత్తరం ముందు చేరాలి, నేను తరువాత రావాలి. ఎదురుగా నిలబడితే మళ్లీ నోరు పెగలదని భయం. తిట్టు, కొట్టు, తలుపు వేసుకో, మీ అన్నకు, భవానికి అందరికీ చెప్పు. మళ్లీ నా ముఖం చూడనంటే అదీ న్యాయమే. కారు ఉంచుకుంటావో అమ్ముతావో నీ ఇష్టం. క్షమించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. అడిగే యోగ్యత ఇంకా రాలేదు.

ఒక్కటి మాత్రం చెయ్యి. నేను వచ్చేలోగా మీ నాయన పటం ముందు కూర్చుని, నువ్వు పదకొండు నెలలుగా మోస్తున్నది దించెయ్యి. ఆ సాయంత్రం నువ్వు చూసింది నిజమే, రేడియేటరు నిండుగానే ఉంది. నువ్వు ఏమీ మరిచిపోలేదు మహాదేవీ. ఆ బరువు నాది, నీ చేత మోయించాను.

ఇట్లు,
భవాని వాళ్ల నాయన,
సోమన్న.